ఎన్నెల అని పిలవాల్సిన మందారం

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ళ తరబడి ఒక పేరు మోస్తున్నాను. దేవుడి పేరు కాదు, మనిషి పేరు కాదు. ఒక మందార మొక్క పేరు. కోదాడలో గానీ సూర్యాపేటలో గానీ మిర్యాలగూడలో గానీ ఏ నర్సరీలోకైనా వెళ్ళి బొల్లి మందారం అని అడగండి, కవర్లో మొక్క తెచ్చి మీ ముందు పెడతారు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు.

నేనే పెట్టాను. మా ఆడబిడ్డ మంజుల ముఖం చూసి పెట్టాను.

సరదాగా అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. సరదా అయితే ఇన్నేళ్ళు దాచడం దేనికి? నోరు జారిందని కూడా అనుకున్నాను. జారింది ఒక్కసారి. మిగతా రెండుసార్లు ఆలోచించుకునే చేశాను. ఆ మూడూ మీకు చెబుతాను. వరసగా చెప్పకపోతే మళ్ళీ నన్ను నేను తప్పించుకుంటాను, ఆ విద్యలో నాకు మంచి అనుభవం ఉంది.

మాది కోదాడ దాటాక హైవే పక్కన నర్సరీ. నేను కోడలిగా వచ్చేనాటికి అక్కడ రాళ్ళూ సర్కారు తుమ్మలూ తప్ప ఏమీ లేవు. మా ఆయనా నేనూ కలిసి చదును చేశాం. మా ఆయన చెల్లెలు మంజుల అప్పటికే ఇంట్లో ఉంది. ఆమెకు పెదాల చుట్టూ, కళ్ళ కొసల్లో, వేళ్ళ మీద తెల్ల మచ్చలు. వచ్చిన సంబంధమల్లా మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేది. ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా చివరికి "పాపం మంజుల" దగ్గర ఆగేది. నేను జ్వరంతో బకెట్లు మోసిన రోజున కూడా ఆ పాపం అనే మాట ఆమెకే దక్కింది. ఇది ఇప్పుడెందుకు చెబుతున్నానా? నన్ను అర్థం చేసుకోమని కాదు. నాలో విషం ఎక్కడ మొదలైందో చూపించాలని.

నర్సరీ పని చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. కొత్త పువ్వు పుట్టించాలన్న పిచ్చి మాత్రం మా ఇద్దరికే ఉండేది. మందారాన్ని మందారంతో కలపడం వినడానికి తేలిక. పువ్వు మధ్యలో నిలబడే గొట్టం చివర అయిదు ఎర్రని బొట్లుంటాయి. దాని కిందే పుప్పొడి. ఒక పువ్వు పుప్పొడి తెచ్చి ఇంకో పువ్వు బొట్లకు పొద్దున్నే అద్దాలి. అద్దిన పువ్వు కాడకు ఊలు దారం కట్టాలి, లేకపోతే పూజకని ఎవరో ఒకరు కోసుకుపోతారు. మా దగ్గర మందారపువ్వు చెట్టున వాడిపోతే పాపమన్నట్టు చూస్తారు. ఇంత చేసినా మా ఎండలకు కాయ నిలవదు. చలికాలంలో అద్దితే పదింటికి ఒకటి నిలిచినా గొప్పే. నిలిచిన కాయ ఎండి పగిలితే నాలుగు గింజలు. వాటిని మొలిపించి పెంచితే, పువ్వు చూడడానికి ఏడాది దాటుతుంది. ఒకే కాయలోని గింజలు కూడా దేనికదే వేరే పువ్వు పూస్తాయి. తల్లిలాగా తండ్రిలాగా ఉండాలన్న నియమం లేదు.

నేను అద్దినవన్నీ రాలిపోయేవి. ఆమె అద్దినవి నిలిచేవి. నేను రెండు చలికాలాలు ప్రయత్నించాను, ఒక్క కాయ నిలిచింది, దాని గింజలు మొలవలేదు. "నీ చేయి వేడి వదినా, నీడపట్టున అద్దు" అని ఆమె మంచిగానే చెప్పింది. మంచిగా చెప్పిందనే మండింది.

ఆ ఏడు ఆమె మన నాటు రేక మందారాన్ని తల్లిగా పెట్టుకుంది, అదే, ముదురు ఎరుపు, ఎండకూ వానకూ చావనిది. పుప్పొడి మాత్రం కడియం నర్సరీల లారీలో వచ్చిన ఒక పెద్ద పువ్వుది, లేత రంగు మీద చుక్కలున్నది. మొలిచిన వాటిలో ఒక మొక్క మరుసటి ఏడాది చలిలో మొగ్గ వేసింది. అది విప్పుకున్న పొద్దున నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నాను. మంజుల షేడ్‌నెట్ లోపలినుంచి కేకేసింది.

"వదినా, జల్ది రా! సూడు, అచ్చం నాలెక్కనే ఉన్నది."

వెళ్ళి చూశాను. అరచేయంత పువ్వు. నల్లబడేంత ఎరుపు. ఆ ఎరుపు మీద ఎవరో చేత్తో సున్నం విదిలించినట్టు తెల్లని మచ్చలు, ఏ రెండు రేకులూ ఒకలా లేవు. మంజుల నవ్వుతోంది. పెళ్ళిచూపులకు పౌడరు దట్టంగా రాసుకుని, నిండుచేతుల జాకెట్టు వేసుకుని కూర్చునే మనిషి, తన మచ్చల గురించి తనే నవ్వుతూ చెప్పుకోవడం నేను మొదటిసారి చూశాను. చెట్టు కింద వెన్నెల పడ్డట్టు లేదా అంది. పేరు ఎన్నెల అని పెడతానంది.

బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది. అంత అందమైన పువ్వు నా చేతిలో పుట్టలేదని కడుపు మండిపోయింది. అదే నిజం.

విదేశాల్లో మందారాలు పెంచేవాళ్ళకు పేర్లు నమోదు చేసే సంఘాలున్నాయని, పుట్టించినవాళ్ళు పెట్టిందే పేరని, ఒకసారి రాశాక మారదని మంజుల ఏదో తోటల పత్రికలో చదివి చెప్పేది. మా దగ్గర అవేవీ లేవు. ముద్ద మందారం, మిరప మందారం, జుంకా మందారం, వీటికి ఎవరు పేరు పెట్టారు? ట్రాలీ ఆటోలో మొక్కలు ఎక్కించేటప్పుడు ఆటో అతను అడుగుతాడు, గేటు దగ్గర ఉన్నవాళ్ళు ఏదో చెబుతారు. అతను అంగడిలో అదే అరుస్తాడు. సాయంత్రానికి అదే పేరు. మళ్ళీ దాన్ని మార్చడం పుట్టించినవాళ్ళ తరం కూడా కాదు. ఈ సంగతి మంజులకు తెలుసు, అందుకే మొదటి లోడు రోజున తను గేటు దగ్గర ఉంటానంది. ఆ రోజు ఎవరో కస్టమర్లు వచ్చి ఆమెను లోపలికి పిలిచారు. గేటు దగ్గర నేనున్నాను.

అది మరుసటి చలికాలం, సూర్యాపేటకు వెళ్ళే లోడు. అన్నీ అంటు కట్టిన మొక్కలే, కింద నాటు మందారం వేరు, పైన ఆమె మొక్క కొమ్మ. ఒకటి పూసి ఉంది. ఆటో అతను దాన్ని తిప్పి చూసి ఏమని చెప్పి అమ్మాలి అని అడిగాడు. నేను లోపలికి చూశాను. మంజుల ఎండలో నిలబడి కస్టమర్లకు ఏదో చూపిస్తోంది, చేతి మీద మచ్చలు ఎండకు మెరుస్తున్నాయి.

బొల్లి మందారం అన్నాను.

అతను ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందులో ఎంత హాయి ఉందో చెబితే మీరు అసహ్యించుకుంటారు. కొన్నాళ్ళకు ఆ ఆటో అతను హైదరాబాద్ వెళ్ళిపోయాడు. సాక్షి పోయాడని సంతోషించాను.

ఇది మొదటిది. నోరు జారింది అన్నానే, అది.

ఆ పువ్వు ఎగబడి అమ్ముడుపోయింది. పేరు విన్నవాళ్ళు నవ్వి కొనేవాళ్ళు, చూసినవాళ్ళు ముచ్చటపడి కొనేవాళ్ళు. నెల తిరిగేసరికి సూర్యాపేట నుంచి ఒకావిడ కారులో మా దగ్గరికే వచ్చింది. మంజుల ఎదురెళ్ళింది. "మీ దగ్గర బొల్లి మందారం ఉన్నదంట గద" అని అడుగుతూ ఆవిడ మంజుల ముఖం చూసింది. చప్పున చూపు మార్చుకుంది. మంజుల లోపలికి వెళ్ళి మొక్క తెచ్చి ఇచ్చింది, ఎరువు ఎప్పుడెప్పుడు వేయాలో కూడా చెప్పింది. కారు వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది. నేను కవర్లలో మట్టి నింపుతున్నాను.

ఇక్కడ ఆగాలని ఉంది. ఇంతవరకు చెప్పింది కొంటెతనం కింద చెల్లిపోతుంది. దీని తర్వాతది చెల్లదు.

మిర్యాలగూడలో యాదగిరి అని ఒకతను చిన్న నర్సరీ నడిపేవాడు. మా దగ్గర అంటు మొక్కలు తీసుకెళ్ళేవాడు. వచ్చినప్పుడల్లా మంజులతో గంటల తరబడి మొక్కల గురించి మాట్లాడేవాడు. ఆమె చేతిలోంచి టీ గ్లాసు అందుకునేవాడు, వేళ్ళ వైపు చూడకుండా కాదు, చూసి కూడా. వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారు. ఇంట్లో అందరూ పొంగిపోయారు. నేను లెక్కలు వేసుకున్నాను. ఆమె వెళితే తల్లి మొక్క ఆమెతో వెళుతుంది, ఆ చేయి వెళుతుంది, తెల్లవారకముందే లేచి నీళ్ళు పట్టే మనిషి వెళుతుంది. కోదాడకు రావలసినవాళ్ళు మిర్యాలగూడకు వెళతారు. నాకు మిగిలేది రాలిపోయిన కాయలు. ఇన్ని లెక్కలు ఆ రోజు మంజుల వచ్చి నా ఎదుట నిలబడ్డ ఆ కాసేపట్లో వేయలేదు. అంతకుముందే వేసి ఉంచుకున్నాను.

"వదినా, నిజం చెప్పు. గీ పేరు ఎవలు పెట్టిన్రు?"

"నాకేం తెలుసు?"

"నీకు తెల్వకుండ గేటు దాటి మొక్క పోతదా?"

"మన కాడికెళ్ళి పోలే. మిర్యాలగూడ దిక్కుకెళ్ళి వచ్చిందంటున్నరు ఆ పేరు."

"మిర్యాలగూడల ఎవలు?"

నేను మట్టి నింపడం ఆపలేదు. "నన్నెందుకు అడుగుతవ్? ఆడ మన మొక్క అమ్మేది ఎంతమంది?"

ఆమె చాలా మెల్లగా, "గాయన అట్లంటడా?" అంది.

"మొగోళ్ళు నలుగురు కూసున్నకాడ ఏమంటరో మనకేమెరుక. నువ్వు మనసుల పెట్టుకోకు."

అంతే. అతని పేరు కూడా ఎత్తలేదు చూశారా? రేపు ఎవరైనా నిలదీస్తే నేను అతని పేరు చెప్పలేదని తప్పుకోవడానికి. నమ్మడానికి ఆమె సిద్ధంగా ఉందని నాకు తెలుసు. అన్ని సంబంధాలు తప్పిపోయిన మనిషి, ఒకడు నిజంగా ఇష్టపడ్డాడంటే లోపల ఎక్కడో ఇది ఎప్పుడు బెడిసికొడుతుందా అని కాచుకుని కూర్చుని ఉంటుంది. నేను ఆమెతో ఒకే గదిలో పడుకున్న రోజులున్నాయి, ఆ భయం నాకు చెప్పుకుని ఏడ్చింది. దాన్నే వాడుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె తల్లి మొక్కను వేళ్ళతో సహా పీకేసింది. నేను అడ్డుపడలేదు. పీకి లాభమేమిటి? మందారానికి గింజతో పని లేదు, ఒక కొమ్మ చాలు. అప్పటికే ఎన్నో ఇళ్ళల్లో ఆ కొమ్మలు వేళ్ళూనుకున్నాయి. మూడు ఊళ్ళలో ఎక్కడ పూసినా అది ఆమె పీకేసిన మొక్కే, కొత్తది కాదు. అదే ఎరుపు, అవే మచ్చలు, నేను పెట్టిన పేరు. యాదగిరి ఫోన్లు ఆమె ఎత్తలేదు. కారణం చెప్పడానికి కూడా నోరు రాలేదు ఆమెకు. "నువ్వు నన్ను ఇట్లన్నవా" అని అడగాలంటే ఆ మాట తన నోటితో పలకాలి కదా.

ఇది రెండోది.

మూడోది నా భర్తకు కూడా తెలియదు. యాదగిరి వచ్చాడు. ఎండాకాలం మొదలైంది, మందారాల మచ్చలు వేడికి తగ్గిపోయి ఉత్త ఎర్రగా పూస్తున్న రోజులు. మంజుల సూర్యాపేట దగ్గరి ఆత్మకూరులో చుట్టాలింటికి వెళ్ళింది. మా ఆయన ఊళ్ళో లేడు. యాదగిరి బండి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"అక్కా, నేనేం తప్పు చేసిన? జర నువ్వన్న చెప్పు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "మా కాడ ఆ మొక్కను ఎన్నెల అనే అమ్ముతున్నక్కా. సూర్యాపేటకెళ్ళి వచ్చినోళ్ళు ఇంకేదో పాడు పేరు చెప్పి అడుగుతున్నరు. ఆ పేరు నోట్లకెళ్ళి వస్తే మొక్క ఇయ్యనని ఎల్లగొడుతున్న. మంజులకు గా పేరు ఇనపడి బాధపడుతున్నదా?"

అప్పుడైనా చెప్పాల్సింది. ఆమె ఆత్మకూరులో ఉందని, బండి తీస్తే సాయంత్రానికి ఆమె ముందుంటాడని చెప్పాల్సింది. ఒక్క మాటతో అంతా సరిపోయేది. నేను ఏం చేశానో తెలుసా? అతనికి మంచినీళ్ళిచ్చాను. కూర్చోమన్నాను. ఆమెకు వేరే సంబంధం చూస్తున్నామని, తనే ఒప్పుకుందని, నీకు చెప్పడానికి మొహం చెల్లక ఫోను ఎత్తడంలేదని చెప్పాను. ఇంకెప్పుడూ రావద్దని దయగా, ఒక అక్క చెప్పినట్టుగా చెప్పాను. అతను గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. నాకు జాలి కలిగిందా అని తర్వాత ఎన్నోసార్లు వెతుక్కున్నాను. కలగలేదు. మంజుల తిరిగొచ్చేలోపు బండి హైవే ఎక్కాలన్న తొందరే ఉంది.

అతను వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు అతనికి పెళ్ళయిందని విన్నాం. ఆ కబురు మంజులకు చెప్పింది నేనే. "చూసినవా" అన్నాను కూడా. అతని నర్సరీలో ఆ తర్వాత ఎన్నెల అన్న పేరు ఎన్నాళ్ళు బతికిందో తెలియదు. కొనేవాళ్ళు అడిగిన పేరుతో అమ్మక తప్పదు ఎవరికైనా. ఇప్పుడు మిర్యాలగూడలో కూడా బొల్లి మందారమే.

మంజుల ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లోనే ఉంది. నేను అనుకున్న లెక్కలన్నీ సరిగ్గా జరిగాయి. ఇప్పుడు ఆమె జుట్టు నెరిసింది, మచ్చలు మెడ దాకా దిగాయి, పౌడరు మానేసింది. ఎవరైనా ఆ మొక్క అడిగితే "బొల్లి మందారమా, ఆ మూల వరుసల ఉన్నది, తీస్కోండి" అని మామూలుగా చెబుతుంది. ఆమె నోట ఆ పేరు మొదటిసారి విన్న రోజు నాకు అన్నం దిగలేదు. ఆ తర్వాత దిగింది. మనిషికి అన్నీ అలవాటవుతాయి, నాకు అలవాటైంది.

నాకు జ్వరమొస్తే ఆమే చూస్తుంది. నేను మోకాలి ఆపరేషన్‌తో సూర్యాపేట దవాఖానలో పడున్నప్పుడు నా పక్క బట్టలు మార్చింది ఆమే. మా వదిన లేకపోతే నేను ఏమైపోయేదాన్నో అని నర్సులతో చెప్పింది. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెబితే ఈ ముసలితనంలో ఆమెకున్న ఒక్క మనిషీ పోతుంది కదా, చెప్పకపోవడమే మంచిదేమో అనుకున్నాను. చూడండి, ఇప్పటికీ నా పిరికితనానికి దయ అని పేరు పెడుతున్నాను. పేర్లు పెట్టడం నాకు బాగా వచ్చు.

అన్నేళ్ళు పుప్పొడి ముట్టని మనిషి, పోయినదానికి ముందటి చలికాలంలో మళ్ళీ అద్దింది. ఎందుకని నేను అడగలేదు. ఈ చలిలో ఒక మొక్క పూసింది. లేత పసుపు, నడుమ ఎరుపు, అంచులు ముడతలు. పాతదానంత అందం లేదు, కానీ మంచి పువ్వు. నన్ను పిలిచి చూపించింది. ఈసారి కేక వేయలేదు, వచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్ళింది.

"పేరు నువ్వే పెట్టు వదినా. బయటోళ్ళ నోట్ల పడకముందే పెట్టు."

చూద్దాంలే అన్నాను. రెండు రోజులాగి మళ్ళీ అడిగింది. ఏదో పని చెప్పి తప్పించాను. నిన్న మళ్ళీ, ఏం ఆలోచించావని అడిగింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. నీ పువ్వుకు నువ్వే పెట్టుకోరాదా అని గట్టిగానే అన్నాను.

"నాకు అచ్చిరాదు వదినా" అంది. "నేను పెట్టిన పేరు నిలువలే గద."

నవ్వుతూ అంది. నింద లేదు, బాధ కూడా లేదు, తన నుదుటి రాత అది అన్నట్టు అంది. ఇన్నేళ్ళూ తప్పు యాదగిరిదని ఆమె అనుకుంటోందని భ్రమపడ్డాను. కాదు. తనదే అనుకుంటోంది. తన చేయి పడ్డ పేరు నిలవదని, తనను చేసుకోబోయిన మనిషి నిలవడని నమ్ముకుని బతికింది.

నిలవనివ్వనిది నేను. ఆ మాట ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. మీకు చెప్పాక ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది. ఆమె బయట మొక్కలకు నీళ్ళు పడుతోంది. పైపు చప్పుడు వినిపిస్తోంది. ఆమెకు ఇంకా చెప్పలేదు.